కువైట్ వెళ్లేవాళ్లకు ఈ-మైగ్రేట్: గేటు గట్టిదే, జనం పోయేది పక్క సందులోంచి

కువైట్ మొత్తం వైశాల్యం 17,818 చదరపు కిలోమీటర్లు. పాత కడప జిల్లా కంటే కాస్త పెద్దది, పాత అనంతపురం జిల్లా కంటే చిన్నది. ఆ కాస్త నేల మీద 50 లక్షల మందికి అటూ ఇటూగా ఉంటున్నారు. అందులో సొంత పౌరులు 15 లక్షల పైచిలుకే. మిగిలినవాళ్లంతా బయటి నుంచి పనికి వచ్చినవాళ్లు, వాళ్ల కుటుంబాలు. ఒక్క భారతీయులే 10 లక్షల దాకా ఉంటారు. ఇంటివాడు ఒక్కడైతే పరాయివాళ్లు ఇద్దరికి పైనే అన్న లెక్క. రాయచోటి, రాజంపేట, కోడూరు, చిట్వేలి వైపూ, అటు నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపూ కొత్త మిద్దె లేచిందంటే "కువైట్ డబ్బేనా?" అని అడుగుతారు. ఆ లెక్కలో మన వాటా అదీ.

పెద్దగా చదువుకోని మనిషి అక్కడికి పనికి పోవాలంటే ఇక్కడ దాటాల్సిన గేటు ఈ-మైగ్రేట్. భారత విదేశాంగ శాఖ 2014లో మొదలుపెట్టిన పోర్టల్ ఇది. 2024 అక్టోబరు 14న కొత్త రూపం, మొబైల్ యాప్, డిజీలాకర్ అనుసంధానంతో మళ్లీ విడుదల చేశారు. దీన్ని ప్రభుత్వ పథకంగా చూసి పొగడటమో తిట్టడమో చేస్తే ఉపయోగం లేదు. ఒక సేవగా, వాడుకునేవాడి వైపు నుంచి చూస్తే ఇందులో మూడు వేర్వేరు సరుకులున్నాయి: ఏజెంటు అసలో నకిలీయో తేల్చే జాబితా, ఎమిగ్రేషన్ క్లియరెన్సు (పనికి దేశం దాటడానికి ఇచ్చే అనుమతి), దాంతోపాటు వచ్చే బీమా. మొదటిదానికి ఐదుకు ఐదు ఇవ్వొచ్చు. బీమాకు మూడు. క్లియరెన్సుకు మగవాళ్ల విషయంలో మూడు. ఇంటిపనికి పోయే ఆడవాళ్ల విషయంలో ఒకటి ఇవ్వడమే ఎక్కువ.

ముందు ఇది ఎవరికి తప్పనిసరో చూద్దాం. పదో తరగతి పాసు కానివాళ్లకు పాస్‌పోర్టులో ఈసీఆర్ (వెళ్లే ముందు తనిఖీ అవసరం) అని పడుతుంది. అలాంటి పాస్‌పోర్టుతో 18 దేశాలకు పనికి వెళ్లాలంటే క్లియరెన్సు కావాలి. కువైట్, సౌదీ, దుబాయ్ ఉన్న యూఏఈ, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ అన్నీ ఆ జాబితాలోనివే. పది పాసైతే ఈసీఎన్ఆర్, క్లియరెన్సు అక్కర్లేదు. 50 ఏళ్లు దాటినవాళ్లకు, మూడేళ్లు విదేశంలో ఉన్నట్టు రుజువున్నవాళ్లకు కూడా అక్కర్లేదు. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు. ఒక విడత పనిచేసి వచ్చి, పాస్‌పోర్టు మార్పించుకునేటప్పుడు పాత అకామా (అక్కడ ఉండే అనుమతి) కాగితాలు, పాత పాస్‌పోర్టులోని ముద్రలు చూపిస్తే ఈసీఆర్ పోతుంది. మళ్లీ వెళ్లేటప్పుడు ఆ తిరుగుడంతా తప్పుతుంది. పాత పాస్‌పోర్టు పారేసుకున్నవాళ్లే ఇక్కడ నష్టపోయేది.

ఇక జాబితా సంగతి. ఈమైగ్రేట్.గవ్.ఇన్‌లోకి వెళ్లి రిక్రూటింగ్ ఏజెంట్ల విభాగం తెరవండి. లాగిన్ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. పేరుతోనో, ఊరితోనో, లైసెన్సు నంబరుతోనో వెతకొచ్చు. లైసెన్సు నంబరు ఇంగ్లీషు అక్షరం 'బి'తో మొదలవుతుంది. తర్వాత అంకెలు, ఆఫీసు ఉన్న ఊరికి మూడక్షరాల గుర్తు, గీతల మధ్య మరికొన్ని అంకెలు. పేపరు ప్రకటనల కింద చిన్నక్షరాల్లో ఉండేది అదే. ఇక్కడ నంబరు దొరికిందా లేదా అన్నది సగం ప్రశ్నే. లైసెన్సు ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నది మిగతా సగం. నడుస్తోందా, సస్పెండ్ అయిందా, గడువు తీరిందా, రద్దయిందా అన్నది పోర్టల్ చూపిస్తుంది. గోడకు ఫ్రేము కట్టి తగిలించిన సర్టిఫికెట్ ఆ సంగతి చెప్పదు.

ఇంతవరకూ చాలామంది చేస్తారు. మోసం జరిగేది దీని తర్వాతి మెట్టులో. ఊళ్లో కనబడే మనిషి ఏజెంటు కాదు, సబ్ ఏజెంటు. అతని చేతిలో ముంబయిదో చెన్నైదో నిజమైన ఏజెన్సీ లైసెన్సు జిరాక్సు ఉంటుంది. పోర్టల్‌లో కొడితే అది పచ్చగా, బతికే ఉంటుంది. చూసినవాళ్లు నమ్మి డబ్బు ఇస్తారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో సబ్ ఏజెంటు అనే మనిషికి చోటే లేదు. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్లే, నమోదైన ఆఫీసు నుంచే మనుషుల్ని తీసుకోవాలి. కాబట్టి చేయాల్సింది ఇది: జిరాక్సు మీద ఉన్న ఫోన్ నంబరుకు కాదు, పోర్టల్‌లో ఆ ఏజెన్సీ పేరు పక్కన ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. "ఫలానా ఊళ్లో ఫలానా ఆయన మీ మనిషేనా? కువైట్‌లో ఫలానా పనికి మీ దగ్గర డిమాండ్ ఉందా?" అని అడగాలి. ఊళ్లో మనిషి ముఖం మీద "అన్నా, నీ లైసెన్స్ చూపించు" అనడానికి మొహమాటం ఉంటుంది. ఆయన పిన్నమ్మ కొడుకో, మేనమామ స్నేహితుడో అయ్యుంటాడు. ఫోన్ చేయడానికి ఆ మొహమాటం అడ్డు రాదు.

డబ్బు దగ్గర నియమం చిన్నది. ఏజెన్సీ తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకు మించి అడిగితే అది చార్జీ కాదు. చెల్లింపు ఏజెన్సీ బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి, రసీదు రావాలి. చేతికి నగదు ఇచ్చి, డైరీలో సంతకం పెట్టించుకున్న లక్ష, లక్షన్నర రూపాయలకు ఏ ఫిర్యాదులోనూ ఆధారం మిగలదు. కువైట్ ఇంటిపని విషయంలో ఆ సర్వీసు చార్జీ కూడా లేదు. అక్కడి గృహ కార్మికుల చట్టం, 2015 నాటి 68వ నంబరు చట్టం, పనిమనిషి దగ్గర్నుంచి రిక్రూట్‌మెంట్ ఆఫీసు డబ్బు తీసుకోవడాన్నే నిషేధించింది. ఖర్చంతా కఫీల్‌దే, అంటే వీసా ఇచ్చిన యజమానిదే. "కద్దామా (పనిమనిషి) వీసా ఉంది అక్కా, ఎనభై వేలు కట్టు" అన్నాడంటే అతను ఇక్కడి నుంచీ తింటున్నాడు, అక్కడి నుంచీ తింటున్నాడు.

పోర్టల్ మంచిదే, శిక్షలే నవ్వు తెప్పిస్తాయి. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపితే 1983 చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. 1983లో రెండు వేలంటే డబ్బే. ఇప్పుడు అది ఒక పాస్‌పోర్టు ఫీజు, దారి ఖర్చు. ఈ చట్టం స్థానంలో కొత్తది తేవడానికి 2025 అక్టోబరులో ముసాయిదా బయటపెట్టారు.

ఇప్పుడు క్లియరెన్సు. రెండు దారులున్నాయి. ఒకటి ఏజెన్సీ ద్వారా. కువైట్ కంపెనీ పోర్టల్‌లో నమోదై ఉండాలి. దాని డిమాండ్ లెటర్ (ఫలానా పనికి ఇంతమంది కావాలన్న ఉత్తరం), ఉద్యోగ ఒప్పందం అక్కడి మన ఎంబసీ చూడాలి. ఏజెన్సీ మీ పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా ఎక్కించాలి. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు చూసి అనుమతిస్తుంది. తెలుగువాళ్లకు హైదరాబాద్‌లో ఆ ఆఫీసు ఉంది. రెండోది, యజమాని నేరుగా పిలిస్తే మనిషే స్వయంగా దరఖాస్తు చేసుకోవడం. ఎలా అయినా ప్రభుత్వ ఫీజు 200 రూపాయలు. పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. అనుమతి కంప్యూటర్‌లోనే ఉంటుంది, విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి తెర మీదే చూసుకుంటాడు. ప్రింటు తీసుకుని దగ్గర పెట్టుకోవడం మంచిది. "మా ఏజెంటు స్టిక్కరు వేయించాడు" అని ఎవరైనా చూపిస్తే అనుమానించాలి.

దరఖాస్తు ఆగిపోయేది పెద్ద కారణాలతో కాదు. మొదటిది ఇంటిపేరు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఒకరికి ఇంటిపేరు పడుతుంది, ఇంకొకరికి ఆ గడి ఖాళీగా ఉంటుంది, రాయచోటి వైపు ముస్లిం కుటుంబాల్లో 'షేక్' ఒకచోట ముందు, ఒకచోట వెనక పడుతుంది. కువైట్ వీసా మీద అదే పేరు అరబ్బీలోకి మారి, ఇంగ్లీషులోకి తిరిగి వచ్చేసరికి అక్షరాలు తేడా వస్తాయి. ఫారంలో పేరు ఆధార్ చూసి కాదు, పాస్‌పోర్టు చూసి నింపాలి. గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదలాలి. రెండోది పుట్టిన తేదీ. తేదీ తెలియక ఆధార్‌లో జనవరి 1 వేయించుకున్నవాళ్లు ఊరికి సగం మంది ఉంటారు. పాస్‌పోర్టుకు ఒక సంవత్సరం, ఆధార్‌కు ఇంకో సంవత్సరం ఉంటే డిజీలాకర్ అనుసంధానం మేలుకు బదులు అడ్డమే అవుతుంది. మూడోది ఫోన్ నంబరు. ఓటీపీ వచ్చే నంబరు ఏజెంటుది పెట్టేస్తారు. అప్పట్నుంచి దరఖాస్తు మీది, తాళంచెవి అతనిది. వెళ్లే మనిషి నంబరు పెట్టినా అక్కడికెళ్లాక రీచార్జి లేక అది చచ్చిపోతుంది. ఇంటి దగ్గర ఉండే కొడుకుదో, తమ్ముడిదో, ఎప్పుడూ పనిచేసే నంబరు పెట్టండి. బీమా పునరుద్ధరణకూ ఆ నంబరే కావాలి.

వీసా కాగితం చూడటం కూడా ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. కువైట్ రెసిడెన్సీలో 18వ ఆర్టికల్ అంటే ప్రైవేటు కంపెనీ పని, మనవాళ్లు 'షూన్ వీసా' అంటారు. 20వది ఇంటిపని: వంట, శుభ్రం, డ్రైవరు, తోటమాలి. కాగితం అరబ్బీలో ఉన్నా అంకె పోల్చుకోవచ్చు. అరబ్బీ ఒకటి నిలువు గీత, ఎనిమిది గుడిసె కప్పులా ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన ఉంటే 18. వంకర తిరిగిన అంకె, దాని పక్కన చిన్న చుక్క ఉంటే 20. ఆ చుక్కే వాళ్ల సున్నా. "కంపెనీలో క్లీనింగ్" అని చెప్పి చేతిలో 20 పెట్టడం పాత మోసం. "ముందు వెళ్లు, తర్వాత షూన్‌కు మార్చుకోవచ్చులే" అన్నది దానికి తోక. 20 నుంచి 18కి మారే అవకాశం 2024లో ఇచ్చారు, అదీ జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకే. ఒకే కఫీల్ దగ్గర ఏడాదైనా చేసి ఉండాలి, కఫీల్ ఒప్పుకోవాలి, మార్పిడి రుసుము 50 దీనార్లు, ఆపైన ఏడాదికి పది. రెండు నెలలు మాత్రమే తెరిచిన తలుపు అది. ఎప్పుడూ తెరిచే ఉంటుందన్నట్టు అమ్ముతారు.

ఈ సేవ పూర్తిగా చెడిపోయేది ఆడవాళ్ల దగ్గర. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి ప్రైవేటు ఏజెన్సీలు వాళ్లను పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివే. కువైట్ యజమాని ఒక్కో పనిమనిషికి 720 దీనార్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలన్న నియమం కూడా కొంతకాలం ఉండేది, 2017లో ఎత్తేశారు. 2021 జూన్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్ల మీదే రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. కాగితం మీద ఏ ఒక్క నియమాన్నీ తప్పుపట్టలేం, అన్నీ రక్షణ కోసమే. కానీ 26 ఏళ్లకే ఇద్దరు పిల్లలతో అప్పుల్లో ఉన్న మనిషికి ఈ గేటు "నాలుగేళ్లు ఆగి రా" అంటుంది. అప్పు ఇచ్చినవాడు నాలుగేళ్లు ఆగడు. ప్రభుత్వ సంస్థ ఆఫీసు ఆమె ఊరికి దూరం, సబ్ ఏజెంటు మాత్రం పక్క వీధిలోనే ఉంటాడు.

అప్పుడు మొదలవుతుంది 'పుషింగ్'. ఈ మాట ఆ ఊళ్లలో అందరికీ తెలుసు. క్లియరెన్సు లేకుండా విమానాశ్రయం దాటించడానికి అదో విడి రేటు. లేదా దుబాయ్‌కో మస్కట్‌కో విజిట్ వీసా మీద పంపి, అక్కడి నుంచి కువైట్ విమానం ఎక్కిస్తారు. లేదా పదో తరగతి దొంగ సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టు చేయిస్తారు. ఈ మూడు దారుల్లో ఏది పట్టినా ఆమె చేతిలో మూడు కాగితాలు ఉండవు: ఎంబసీ చూసిన ఒప్పందం, బీమా, ఇక్కడ ఎవరు పంపారన్న ఆధారం. అక్కడికి చేరాక 12 గంటలకు మించి పని చేయించినా, కడుపుకు పెట్టకపోయినా, జీతం ఆపినా, వాదించడానికి ఒప్పందమే లేదు. అసలు కువైట్ చట్టం అంత చెడ్డదేమీ కాదు. రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు, పని ముగిసి వచ్చేటప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర పెట్టుకోకూడదు, 2016 నుంచి కనీస జీతం 60 దీనార్లు. కానీ ఇవన్నీ అడిగే మనిషి కాగితంతో అడగాలి.

పైగా కువైట్ చూపు కూడా మారింది. 2020 జూన్‌లో అప్పటి ప్రధాని షేక్ సబా అల్ ఖాలిద్ జనాభాలో 70 శాతం ఉన్న విదేశీయులు 30 శాతానికి తగ్గాలని బహిరంగంగానే అన్నారు. ఆ ఏడాదే భారతీయులు 15 శాతం మించకూడదన్న కోటా ప్రతిపాదన కూడా వచ్చింది. ఆ కోటా అమలు కాలేదు, భారతీయులు ఇప్పటికీ అయిదో వంతు దాకా ఉన్నారు. చమురు ధర పడినప్పుడల్లా ఈ మాట లేస్తుంది, ఇళ్లలో వంట చేసేదెవరు, మేస్త్రీ పని చేసేదెవరు అన్న ప్రశ్న రాగానే సద్దుమణుగుతుంది. అంకెలు పెద్దగా కదల్లేదు కానీ నియమాల పట్టు బిగిసింది. 2024 మార్చి 17 నుంచి జూన్ 30 దాకా క్షమాభిక్ష ఇచ్చారు: అకామా లేనివాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చు, లేదా జరిమానా కట్టి కాగితాలు సరిచేసుకోవచ్చు. తర్వాత అందరి వేలిముద్రలు తీసుకున్నారు, విదేశీయులకు గడువు 2024 డిసెంబరు 31. కొత్త రెసిడెన్సీ చట్టం 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చింది. వీసాలు అమ్మేవాడికి మూడు నుంచి అయిదేళ్ల జైలు, 5,000 నుంచి 10,000 దీనార్ల జరిమానా. 2025 జులై 1 నుంచి 18 వీసావాళ్లు దేశం దాటాలంటే యజమాని అనుమతితో ఎగ్జిట్ పర్మిట్ కావాలి.

ఆజాద్ వీసా నమ్ముకున్నవాళ్లకు దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. ఒకరి పేరున వీసా, ఇంకొకరి దగ్గర పని, కఫీల్‌కు ఏడాదికింత కప్పం అన్న ఏర్పాటు ఎప్పుడూ చట్టవిరుద్ధమే, ఇంతకుముందు చూసీచూడనట్టు పోయేవాళ్లు. ఇప్పుడు తనిఖీలో దొరికితే తిరుగు ప్రయాణమే, వేలిముద్ర ఉంది కాబట్టి పేరు మార్చి కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ దిగడం కుదరదు. కఫీల్ ఇల్లు వదిలి బయటికొచ్చిన పనిమనిషి మీద అతను తగయ్యుబ్ (పారిపోయిందన్న) కేసు పెడితే అకామా పోతుంది. తర్వాత దొరికే పని చీకట్లోనే. మనుషుల్ని తగ్గించాలని దేశం అనుకున్నప్పుడు ముందు రాలిపోయేది ఈ కొమ్మే. అందుకే ఇక్కడ గేటు దగ్గర పడే తిప్పలు ఇదివరకటి కంటే ఇప్పుడు విలువైనవి. ఈ-మైగ్రేట్‌ను తిట్టుకుంటూనైనా దాటమని చెప్పేది ఇందుకే.

బీమా దగ్గరికి వస్తే, ప్రవాసీ భారతీయ బీమా యోజన ఈసీఆర్ వాళ్లకు తప్పనిసరి. క్లియరెన్సు దరఖాస్తుతోపాటే కొనాలి. మూల ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితికి వచ్చినా 10 లక్షలు. ఆస్పత్రి ఖర్చుకు లక్ష దాకా, ఒక్కసారి చేరితే 50 వేలకు మించకుండా. ఉద్యోగ గొడవల్లో కోర్టు ఖర్చుకు 45 వేలు, ప్రసవానికి 50 వేలు. యజమాని మారినా, ఊరు మారినా బీమా చెల్లుతుంది. ఈ ధరకు ఇంతకన్నా మంచిది బయట దొరకదు.

ఇందులో రెండు గోతులున్నాయి. మొదటిది 'ప్రమాదం' అన్న మాట. గల్ఫ్ నుంచి పెట్టెలో తిరిగొచ్చేవాళ్లలో గుండెపోటుతో నిద్రలోనే పోయినవాళ్లు చాలామంది. ఎండలో పని, నిద్ర లేకపోవడం, బీపీకి మందు వేసుకోకపోవడం, కారణం ఏదైనా బీమా కంపెనీ లెక్కలో అది సహజ మరణం. 10 లక్షలు రావు. ఇంటివాళ్లు ఆశతో ఆఫీసుల చుట్టూ తిరిగాక తెలుసుకునే సంగతి ఇది. కొనేటప్పుడు ఒక్క వాక్యంలో చెప్పే బాధ్యత పోర్టల్‌కు ఉండాలి. రెండోది గడువు. ఒప్పందం రెండేళ్లది, బీమా రెండేళ్లది, మనిషి ఉండేది ఆరేడేళ్లు. మూడో ఏట ప్రమాదం జరిగితే చేతిలో చెల్లని పీడీఎఫ్ ఉంటుంది. పునరుద్ధరణ ఆన్‌లైన్‌లో ఇక్కడి నుంచే చేయొచ్చు. మొదట్లోనే 375 కట్టి మూడేళ్లది తీసుకోవడం, ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద కాకుండా ఫోన్ రిమైండర్‌లో పెట్టడం మేలు. నామినీ పేరు ఆ నామినీ ఆధార్‌లో ఉన్నట్టే రాయాలి. ఊళ్లో 'లక్ష్మమ్మ', ఆధార్‌లో 'మహాలక్ష్మి' అయితే క్లెయిము ఆగేది అక్కడే.

పదో తరగతి పాసైనవాళ్లకు ఈ బీమా తప్పనిసరి కాదు కాబట్టి వాళ్లలో ఎక్కువమంది ఏ బీమా లేకుండానే వెళ్తారు. చదువుకున్నవాడికి ప్రమాదం జరగదా? 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనం కాలిపోయినప్పుడు 45 మంది భారతీయుల మృతదేహాలు వాయుసేన విమానంలో కొచ్చికి వచ్చాయి. వాటిలో మూడు ఆంధ్రప్రదేశ్‌వారివి. అక్కడ పది పాసైనవాడికీ కానివాడికీ మంట ఒక్కటే. ఆంధ్రవాళ్లకు ఏపీఎన్ఆర్టీఎస్ (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) నడిపే ప్రవాసాంధ్ర భరోసా బీమా వేరే ఉంది, ఈసీఎన్ఆర్ వాళ్లు కనీసం అది చూసుకోవాలి. అదే సంస్థ విమానాశ్రయం నుంచి ఇంటి దాకా మృతదేహానికి ఉచిత అంబులెన్సు ఇస్తుంది. ఫోన్ చేస్తే వస్తుంది, చేయకపోతే ప్రైవేటు బండికి వేలకు వేలు పోస్తారు. తెలంగాణలో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇచ్చేలా 2024 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. 2023 డిసెంబరు 7 తర్వాతి మరణాలకు వర్తిస్తుంది. ఆరు నెలల్లోపు కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. దీనికి మరణం సహజమా ప్రమాదమా అన్న తేడా లేదు, బీమా వదిలేసిన చోట అక్కరకొచ్చేది ఇదే.

ఫిర్యాదు వ్యవస్థ గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఏజెంటు మీదైతే ఈ-మైగ్రేట్‌లోనే, అక్కడి యజమాని మీదైతే విదేశాంగ శాఖదే మరో పోర్టల్ మదద్‌లో రాయాలి. టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090, పలు భారతీయ భాషల్లో మాట్లాడతారు. రెండు చోట్లా పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు, సివిల్ ఐడీ నంబరు అడుగుతారు. సివిల్ ఐడీ అంటే మనవాళ్లు బతాకా అనేదే. మనిషి కష్టంలో ఉండి రెండు నిమిషాలు దొంగచాటుగా ఫోన్ చేసినప్పుడు ఈ నంబర్లు అడిగి రాసుకునే వీలుండదు. ఏడుపు వినడానికే సమయం సరిపోతుంది. అందుకని విమానం ఎక్కే ముందే పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఒప్పందం, క్లియరెన్సు, బీమా పాలసీ ఫోటోలు తీసి ఇంటి ఫోన్‌లో పెట్టాలి, ఒక కట్ట జిరాక్సు పెట్టెలో ఉంచాలి. అక్కడ బతాకా చేతికి వచ్చిన రోజునే రెండు వైపులా ఫోటో తీసి పంపమని చెప్పి పంపాలి. కఫీల్ ఇల్లు ఏ ఏరియా, ఏ బ్లాకు, ఏ వీధి, ఎన్నో ఇల్లు అన్నది కూడా ఆ మొదటి వారంలోనే రాయించుకోవాలి. కువైట్‌లో చిరునామా అలాగే చెబుతారు. ఎంబసీ మనిషి వెతుక్కుంటూ వెళ్లాలంటే కావాల్సింది ఆ నాలుగు ముక్కలే.